రబ్బరు వ్యాసం ఏ రకం?

మూడో తరగతి టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు భూతద్దం. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పైకి కళ్లెర్రజేసినా లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆవిడ క్లాసులో కుర్చీలో కూర్చున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలకి లెక్కలు ఇచ్చి, చప్పుడు కాని చెప్పులతో బెంచీల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి వెనకా నిలబడి భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసేది. ఏడు అంకెకి నడుం వంగినా, కూడిక గీత ఏటవాలుగా పోయినా ఆవిడ కంటపడక తప్పదు. "మా క్లాసు పుస్తకాలు అద్దాల్లా ఉంటాయి" అని స్టాఫ్ రూంలో చెప్పుకునేది. నిజంగానే ఉండేవి.

హెడ్మాస్టరు గారు వచ్చే వేసవిలో రిటైరవుతారు. ఆ కుర్చీ తనదేనని ఆవిడకి అనుమానం లేదు, మిగతావాళ్లకీ లేదు. అలాంటి సమయంలో పైనుంచి ఒక సర్క్యులర్ ఊడిపడింది. ఇకమీదట హెడ్మాస్టరు కావాలనుకునే వాళ్లు విద్యా పరిశోధన పత్రికలో కనీసం ఒక్క వ్యాసమైనా ప్రచురించి ఉండాలట.

హెడ్మాస్టరు గారు సర్క్యులర్ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేను ముందే హెడ్మాస్టర్ని అయిపోయి బతికిపోయానమ్మా" అన్నారు.

టీచరమ్మ ఆ శనివారమే ట్రైనింగ్ కాలేజీ లైబ్రరీకి వెళ్లి పత్రిక పాత సంచిక ఒకటి ఇంటికి తెచ్చుకుంది. లోపలి వ్యాసాలు రెండు పేజీలు చదివేసరికి తల తిరిగిపోయింది. వెనక అట్ట తిప్పింది. అక్కడ "మేము స్వీకరించే రచనలు" అని ఒక పట్టీ ఉంది. పరిశోధన వ్యాసం, సమీక్షా వ్యాసం, తరగతి అనుభవం, అభిప్రాయం, సంక్షిప్త నివేదిక, పుస్తక పరిచయం, సంపాదకుడికి లేఖ. ఒక్కోదానికి ఎన్ని మాటలుండాలో, పట్టికలుండొచ్చో లేదో, ఎవరు రాయొచ్చో ఎవరు రాయకూడదో అన్నీ చిన్నక్షరాల్లో ఉన్నాయి.

పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతున్న అత్తగారికి ఆవిడ ఆ పట్టీ పైకి చదివి వినిపించింది.

"ఏడు రకాలా?" అంది అత్తగారు. "బట్టల కొట్లో కూడా ఇన్ని అరలుండవే అమ్మాయ్. నువ్వు ఏ అరలో దూరతావు?"

టీచరమ్మకి అన్నిట్లోకీ అభిప్రాయం తేలిగ్గా కనిపించింది. అభిప్రాయాలకి ఆవిడ దగ్గర కొదవేముంది? "మానవ జీవితంలో గణితం" అని మొదలుపెట్టి పద్నాలుగు పేజీలు గడగడా రాసేసింది. అందులో సూర్యచంద్రులున్నారు, చీమలున్నాయి, వంతెనలున్నాయి. వారం తిరక్కుండానే జవాబొచ్చింది. "అభిప్రాయాలు మేము ఆహ్వానించినవారి నుంచి మాత్రమే స్వీకరిస్తాము. మిమ్మల్ని ఆహ్వానించినట్టు మా రికార్డుల్లో లేదు."

కళ్లజోళ్ల కొట్టు నడిపే ఆవిడ భర్త ఆ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పాతికేళ్లుగా నేను చెబుదామనుకుంటున్న మాట వీళ్లు ఎంత మర్యాదగా చెప్పారోయ్!"

ఆవిడ మూడు రోజులు ఆయనతో ముభావంగా ఉంది.

రబ్బరు సంగతి ఆ తర్వాతి వారం మొదలైంది. ఒకరోజు నలభై ఒక్క పుస్తకాలూ దిద్దుతూ ఉంటే ఒక పుస్తకంలో జవాబు తప్పు. దాని కింద ఏదో చెరిపిన మచ్చ ఉంది. అలవాటుగా పేజీ పైకెత్తేసరికి కిటికీ వెలుతురులో ఆ మచ్చ వెనక అంకెలు కనబడ్డాయి. పెన్సిలు నొక్కి రాసిన గాడి కాగితం మీద అలాగే ఉంది. యాభై ఆరు అని ఉంది. సరైన జవాబూ యాభై ఆరే! పిల్లవాడు సరైన జవాబు చెరిపేసి, దాని మీద శ్రద్ధగా అరవై ఐదు రాసుకున్నాడు.

ఆవిడ ఇంకో పుస్తకం తీసి వెలుతురుకి పట్టింది. తర్వాత ఇంకోటి. ఇంటికి వెళ్లాల్సిన వేళ దాటిపోయినా లేవలేదు. వాచ్‌మన్ తాళాల గుత్తి రెండుసార్లు గలగలలాడించాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

మర్నాడు భర్త కొట్టు నుంచి ఒక మంచి కటకం అడిగి తెచ్చుకుంది.

"పిల్లలు నీకు పేరు పెట్టి ఇన్నాళ్లయ్యాక ఇప్పుడా కొనుక్కోవడం?" అన్నాడాయన.

"మీరు వేళాకోళాలు ఆపండి. సరిగ్గా రాసింది చెరిపేసి తప్పు రాస్తున్నారండీ. ఎందుకు?"

"నీ క్లాసు, నీ పిల్లలు. నన్నడుగుతావేంటి?"

అది నిజమే. ఆవిడ మర్నాడు పిల్లల్నే అడిగింది. ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. బాగా చదువుతుంది, కానీ దాని రబ్బరు నెలకొకటి అరిగిపోతుంది. ఆ పిల్లని బల్ల దగ్గరికి పిలిచి, పేజీ వెలుతురుకి పట్టి చూపించింది.

"ఇది చూడు. ముందు కరెక్టే రాశావు కదా? మరెందుకు చెరిపావ్?"

ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నేల చూపులు చూసింది.

"తిట్టనులే, చెప్పు."

"మీరు వచ్చి వెనకాల నిలబడ్డారు కదా టీచర్."

"నిలబడితే?"

"తప్పు రాశానేమో, అందుకే నిలబడ్డారనుకున్నా."

ఆ పిల్ల ధైర్యం తెచ్చుకుని, "అందరం అంతే టీచర్. మీరు వెళ్లేదాకా చెరుపుతూ ఉంటాం. చెరుపుతుంటే మీరు ఏమీ అనరు" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ అన్యమనస్కంగా తిరుగుతుంటే అత్తగారు ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకు చూసింది. ఇరవై నాలుగేళ్లు! ఏడాదికి నలభై మంది చొప్పున వేసుకున్నా దాదాపు వెయ్యి మంది. ఎన్ని యాభై ఆర్లు అరవై ఐదులైపోయాయో! ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆవిడ లెక్కల మనిషి. ఏడ్చే ముందు లెక్కపెట్టాలనిపించింది.

ఐదు రోజులు మామూలుగా తిరిగింది. ఐదు రోజులు తిరగకుండా కుర్చీలో కూర్చుంది. మొదటి ఐదు రోజులూ తేలిగ్గానే గడిచాయి. తర్వాతి ఐదూ నరకం కనబడింది. కాళ్లు వాటంతటవే లేచేవి. రెండో రోజుకి చేతి రుమాలుతో మోకాళ్లు రెండూ కలిపి కట్టేసుకుంది. అటుగా పోతూ కిటికీలోంచి చూసిన హెడ్మాస్టరు గారు, "ఏమ్మా, కీళ్ల నొప్పులా?" అని పరామర్శించి, తనకి తెలిసిన నూనె పేరు చీటీ మీద రాసిచ్చి వెళ్లారు.

పది రోజులయ్యాక లెక్క తేలింది. ఆవిడ తిరిగిన రోజుల్లో చెరిపిన జవాబులు నూరైతే అందులో ముప్పై ఎనిమిది ముందు సరిగ్గా రాసినవే. కూర్చున్న రోజుల్లో నూటికి తొమ్మిదే. పుస్తకాలు మాత్రం అద్దాల్లా లేవు. అంకెలు అటూ ఇటూ వాలిపోయి, గీతలు వంకర్లు తిరిగి సంతలా ఉన్నాయి. జవాబులు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

ఇదంతా, రుమాలు సంగతితో సహా, పూసగుచ్చినట్టు రాసి, రెండు పట్టికలు గీసి, "పరిశోధన వ్యాసం" అని పైన పెట్టి పంపింది. రెండు నెలలకి జవాబొచ్చింది. వ్యాసాన్ని ఇద్దరు పరిశీలకులు చూశారట. నలభై ఒక్క మంది పిల్లలు చాలా తక్కువ అన్నాడు మొదటాయన. నలభై ఒక్క మంది గురించి ఇన్ని పేజీలు చాలా ఎక్కువ అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ కలిసి ఒక్క మాట మీద నిలబడ్డారు. ఇది పరిశోధన కాదు, తరగతి అనుభవం.

సరేనని పేరు మార్చి తరగతి అనుభవంగా పంపింది. నెలన్నరకి తిరిగొచ్చింది. "తరగతి అనుభవంలో పట్టికలుండరాదు. పైగా ఇందులో అనుభవం కన్నా ఆధారాలు ఎక్కువగా ఉన్నాయి. సంక్షిప్త నివేదికగా పంపగలరు."

సంక్షిప్త నివేదిక ఎనిమిది వందల మాటలు దాటకూడదు. ఆవిడ దగ్గర రెండు వేల తొమ్మిది వందలున్నాయి. వారం పాటు వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఒక్కో మాటా కొట్టేసింది. అత్తగారికి చదివి వినిపిస్తూ, "ఇది తీసేస్తే అర్థమవుతుందా అత్తయ్యా?" అని అడిగేది. "నాకర్థమైంది. వాళ్లకి అవుతుందో లేదో నేనెలా చెప్పనే?" అనేది అత్తగారు. చివరికి సరిగ్గా ఎనిమిది వందలకి దిగింది. నెలకి మళ్లీ గుమ్మంలో ప్రత్యక్షమైంది. "వివరాలు చాలవు. విస్తరించి పరిశోధన వ్యాసంగా పంపగలరు."

ఆవిడ ఆ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, ఒకరోజు సెలవు రాసి, నేరుగా పత్రిక ఆఫీసుకే వెళ్లింది.

ఆఫీసంటే ట్రైనింగ్ కాలేజీ వెనక భాగంలో, సైన్సు పరికరాల స్టోరుకి ఆనుకుని ఉన్న ఒక్క గది. గోడకి ఏడు చెక్క అరలు, ఒక్కోదాని మీద ఒక చీటీ. అరల కింద, ఏ అరలోనూ పట్టని కాగితాలు ఒక అట్టపెట్టెలో పొంగిపొర్లుతున్నాయి. వాటి మధ్య ఒక బక్కపల్చని మనిషి చెవి వెనక పెన్సిలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సహాయ సంపాదకుడట. ఆవిడ పేరు చెప్పగానే దిగ్గున లేచాడు.

"రబ్బరు టీచరు గారా? రండమ్మా, కూర్చోండి. మీ వ్యాసం నేను నాలుగుసార్లు చదివాను."

"నాలుగుసార్లు చదివి మూడుసార్లు వెనక్కి పంపారా?"

ఆయన నీళ్లు నమిలాడు. "పంపేది నేనే గానీ, పంపమనేది నేను కాదమ్మా. అది ఏ రకమో తేలక ఇక్కడ అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆవిడ కూడా చదివింది. ఆ రోజు నుంచి నేను కూరలు తరుగుతుంటే వెనక నిలబడటం మానేసింది. వేళ్లు తెగడం తగ్గింది."

టీచరమ్మ కోపం సగం దిగిపోయింది.

"పోనీ మీరు చెప్పండి. మీ ఉద్దేశంలో ఇది ఏ రకం?"

ఆయన వ్యాసం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. కాసేపు ఆలోచించి, చెవి వెనక పెన్సిలు తీసి, పై పేజీ మూలన "పరిశోధన" అని గుండ్రంగా రాశాడు. "ఒక ప్రశ్న ఉంది, లెక్క ఉంది, జవాబుంది. ఇంకేం కావాలి?"

సరిగ్గా అప్పుడే ప్రధాన సంపాదకుడు లోపలికొచ్చారు. ఆయన ప్రొఫెసరు. మంచి పొడగరి, వయసుకి తగ్గ పొట్ట, నడక మాత్రం పిల్లి నడక. వచ్చి, ఏమీ మాట్లాడకుండా, సహాయ సంపాదకుడి కుర్చీ వెనక నిలబడి ఆయన భుజం మీదుగా బల్ల మీదికి చూశారు.

సహాయ సంపాదకుడి చెయ్యి డ్రాయరులోకి వెళ్లింది. రబ్బరు బయటికొచ్చింది. "పరిశోధన" కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. దాని మీద "లేఖ" అని వెలిసింది.

టీచరమ్మ కళ్లప్పగించి చూసింది.

"ఎందుకు చెరిపారు?" అంది.

"అంటే... ఇంకోసారి ఆలోచిస్తే..."

"ఆలోచించలేదు మీరు. ఆయనొచ్చి వెనక నిలబడ్డారు."

సహాయ సంపాదకుడు ఎర్రబడి, తెల్లబడి, చివరికి చిన్నపిల్లవాడిలా నేల చూపులు చూశాడు. ప్రొఫెసరు గారికి ఏమీ అర్థం కాలేదు. "ఏమిటమ్మా? ఎవరు మీరు?"

ఆవిడ ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకి పట్టింది. "ఇలా రండి సార్. 'లేఖ' కింద ఏముందో మీరే చదవండి."

ప్రొఫెసరు గారు వచ్చి, వంగి, కళ్లు చిట్లించి చూశారు. "ప... రి... శో..." అని కూడబలుక్కుని చదివి ఆగిపోయారు.

"రబ్బరు వ్యాసం మీదేనా?" అన్నారు నెమ్మదిగా.

"నాదే సార్."

"నేను చదవలేదు. ఏ రకమో తేలాక చదువుదామనుకున్నాను."

అక్కడే, కిటికీ దగ్గర నిలబడే, ఆయన వ్యాసం మొత్తం చదివారు. మధ్యలో ఒకసారి నవ్వారు. ఒకసారి గొంతు సవరించుకున్నారు. చదవడం అయ్యాక బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సహాయ సంపాదకుడికి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. ఆ స్టూలు ఆయన బరువుకి కిర్రుమంది.

"ఇప్పుడు రాయవయ్యా. నీకేది అనిపిస్తే అదే రాయి."

సహాయ సంపాదకుడు పెన్సిలు పట్టుకుని ప్రొఫెసరు గారి వైపు చూశాడు, టీచరమ్మ వైపు చూశాడు, గోడ మీది అరల వైపు చూశాడు. వెనక నుంచి భయం పోయింది గానీ ఎదురుగా ఇద్దరున్న భయం కొత్తగా పట్టుకుంది. అటూ ఇటూ కాకుండా "సంక్షిప్త నివేదిక" అని రాశాడు.

"ఎనిమిది వందల మాటల్లో పట్టదండీ, ఒకసారి చూశాంగా" అంది టీచరమ్మ.

"పన్నెండు వందలు చేద్దాం" అన్నారు ప్రొఫెసరు గారు. "నియమం నేను పెట్టిందే."

టీచరమ్మ ఆరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనలో తను నవ్వుకుంటూ ఇల్లు చేరింది. వారంలో పన్నెండు వందల మాటలూ పంపింది. ఈసారి తిరిగి రాలేదు.

కానీ సంచిక అచ్చవకముందే ఇంకో సర్క్యులర్ ఊడిపడింది. వ్యాసం నియమం రద్దు. ఎవరూ రాయలేకపోయారట. పాత పద్ధతిలో సీనియారిటీ ప్రకారమే హెడ్మాస్టర్లను వేస్తారట. ఆవిడ పేరు మొదట్లోనే ఉంది.

"ఎనిమిది నెలలు గంగలో కలిసినట్టేగా?" అన్నాడు భర్త.

"కలిస్తే కలవనివ్వండి" అంది ఆవిడ. అలా అనగలిగినందుకు ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

ఆవిడ హెడ్మిస్ట్రెస్ అయిన రెండు నెలలకి పత్రిక వచ్చింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. అత్తగారు చేతులు కడుక్కుని వచ్చి మరీ పేజీ ముట్టుకుంది. ఆవిడ పేరు నల్లగా, నిండుగా అచ్చయి ఉంది. గర్వంగా చదువుతూ రెండో పేరాకి వచ్చేసరికి మొహం మాడిపోయింది.

"చెరిపిన జవాబుల్లో నూటికి 83 మొదట సరైనవే" అని ఉంది.

"ముప్పై ఎనిమిది తిరగబడిందండీ!"

భర్త తీసుకుని చూశాడు. "ఎనభై మూడైతే ఇంకా గొప్పగా ఉంది కదోయ్. వదిలెయ్."

వదిలేద్దామనే ఆవిడకీ ఒక్క క్షణం అనిపించింది. ఎందుకంటే ఉత్తరాలు రావడం మొదలైంది. ఎక్కడెక్కడి టీచర్లో రాశారు. డ్రైవింగ్ నేర్పే ఆయన ఒకడు, పక్కన కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టడం ఆపేశానని రాశాడు. సంగీతం టీచరు ఒకావిడ కన్నీళ్లు పెట్టుకున్నానంది. అందరూ ఎనభై మూడునే పట్టుకున్నారు. "నూటికి ఎనభై మూడా! అమ్మో!" అని. ప్రొఫెసరు గారు స్వయంగా ఫోన్ చేసి, పత్రిక పుట్టాక ఒక రచనకి పదిహేడు ఉత్తరాలు రావడం ఇదే మొదలని చెప్పారు.

"సార్, ఆ అంకె తప్పు సార్" అంది ఆవిడ.

అవతల పేజీలు తిరగేసిన చప్పుడైంది.

"తప్పా? మరి ముప్పై ఎనిమిదికి పదిహేడు ఉత్తరాలు వచ్చేవి కావేమోనమ్మా."

"రాకపోతే పోనివ్వండి సార్. పిల్లలు చెరిపింది ముప్పై ఎనిమిదే."

"సరే. మూడు వాక్యాల్లో సవరణ రాసి పంపండి."

ఆవిడ ఆ సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఫలానా సంచికలో ఫలానా పేజీలో 83 అని ఉన్నచోట 38 అని చదువుకోవాలి. మిగతాదంతా సరిగ్గానే ఉంది. పాఠకులు మన్నించాలి. భర్త కుర్చీ వెనకగా వచ్చి నిలబడబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఎదురుగా వెళ్లి కూర్చున్నాడు.

తర్వాతి సంచిక చివరి పేజీలో ఆ మూడు వాక్యాలూ వచ్చాయి. పరిశీలకులెవరూ చూడలేదు. ఏ రకమని ఎవరూ అడగలేదు. ఒక్క కామా కూడా కదపలేదు. దానికి ఉత్తరం ఒక్కటే వచ్చింది. ఎవరో ఒకటో తరగతి టీచరు రాసింది. "ముప్పై ఎనిమిదైనా చాలా ఎక్కువేనండి. నేనూ రేపటి నుంచి కూర్చుంటాను. మోకాళ్లకి రుమాలు ఎలా కట్టుకున్నారో కాస్త వివరంగా చెప్పగలరా?"

టీచరమ్మ బొమ్మ గీసి మరీ జవాబు రాసింది.